పెద్ద గుండ్రం

అడుగున చిల్లులు పొడిచిన పాలడబ్బాలో సున్నం పొడి నింపుకుని, నడుం వంచి, వెనక్కి నడుస్తూ గీత గీస్తున్నాడు ఈల తాత. ఆయన అసలు పేరు మైదానం ఆఫీసువాళ్ళకు కూడా చప్పున గుర్తు రాదు. మెడలో నల్లతాడు, తాడుకు ఈల ఉంటాయి కాబట్టి పిల్లలు పెట్టిన పేరే ఖాయమైపోయింది.

ఊరికి జబ్బు పట్టుకున్నప్పటి నుంచి గేటుకు తాళమే. ఉయ్యాల గొలుసులు తుప్పు పట్టాయి. ఇవాళ సాయంత్రం మళ్ళీ పిల్లల్ని రానిస్తారని విన్న దగ్గర్నుంచి తాతకు కాలు నిలవడం లేదు.

"తాతా, ఏం గీశారో ఓసారి చూసుకోండి," అంది ఆటల టీచరమ్మ నవ్వాపుకుంటూ.

చూసుకున్నాడు. మైదానం మధ్య చక్కని పెద్ద గుండ్రం. పిల్లలు చేతులు పట్టుకుని గిరగిరా తిరిగే పాత గుండ్రమే. గీయాల్సింది అది కాదు. ఎవరికి వాళ్ళు దూరంగా నిలబడేలా, పిల్లకొక చిన్న గుండ్రం.

"బుర్రకు తెలుసమ్మా. ఈ కాళ్ళకే ఇంకా చెప్పలేదు."

చీపురు తెచ్చి చెరిపేస్తుంటే మనసు చివుక్కుమంది. ఇప్పుడు బస్సు నడిపే మీసాలాయన ఒకప్పుడు ఆ గీత మీదే నిలబడి, పక్కపిల్ల చెయ్యి పట్టుకోనని మొరాయించాడు. తర్వాత ఆ పిల్లనే పెళ్ళి చేసుకున్నాడు. ఎవరి మోకాలు చెక్కుకుపోయినా తాత భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి కడిగేది. తిట్టడం, ఊదడం రెండూ ఒక్క నోటితోనే. ఆవిడ పోయి చాలా కాలమైనా ఆ తిట్లు తాత చెవిలో ఇంకా వినిపిస్తూనే ఉంటాయి.

చిన్న గుండ్రాలకు టేపు తెచ్చుకోలేదు. రెండు చేతులూ చాపి తన బారతోనే ఎడం కొలుచుకున్నాడు.

"ముట్టుకునే ఆట వద్దన్నారు కదా, నీడ తొక్కే ఆట ఆడించమ్మా. సాయంత్రం ఎండకు నీడలు బాగా సాగుతాయి."

"అలాగే తాతా. కానీ ఈల ఊదకూడదట, తుంపరలు పడతాయని. ఇంకోటి..." టీచరమ్మ నసిగింది. "పెద్ద వయసు వాళ్ళు పిల్లలొచ్చేలోగా వెళ్ళిపోవాలట. మీకేమన్నా అయితే..."

"కంచె అవతల నిలబడి ఒక్కసారి చూసి పోతాను," అన్నాడు తాత.

సాయంత్రం ఆరోగ్యశాఖ నుంచి ఒకావిడ తనిఖీకి వచ్చింది. ఒక్క గుంపు కనిపించినా మళ్ళీ తాళమేనని ముందే చెప్పింది. పిల్లలు మూతులకు గుడ్డలు కట్టుకుని, బుద్ధిగా ఎవరి గుండ్రంలో వాళ్ళు నిలబడ్డారు. అంతలో ఒక చిట్టిపిల్ల కంచె వైపు చూసి కేక పెట్టింది.

"ఈల తాత!"

అంతే, అందరూ బిలబిలమంటూ కంచె మీదికి పరుగెత్తుకొచ్చారు. టీచరమ్మ చప్పట్లు ఆ గోలలో కలిసిపోయాయి. తనిఖీ ఆవిడ ఇటు తిరిగింది. తాత చెయ్యి ఈల దాకా వెళ్ళి ఆగిపోయింది. గబగబా వెనక్కి జరిగి రెండు చేతులూ బార్లా చాపాడు.

"ఆగండర్రా! అందరూ ఇలా చేతులు చాపండి! ఎవరి చెయ్యీ ఎవరికీ తగలకూడదు!"

పిల్లలు ఠక్కున ఆగారు. చేతులు చాపి, కిచకిచలాడుతూ ఒకరికొకరు దూరం జరిగారు. తనిఖీ ఆవిడ కాసేపు చూసి, "సరే, కానివ్వండి," అంది.

తను కనిపిస్తే వీళ్ళు గుంపు కాక మానరని తాతకు అర్థమైంది. ఇన్నాళ్ళూ ఎదురుచూసింది వీళ్ళ కోసమే. మెడలోంచి ఈల తాడు తీసి కంచెకు తగిలించాడు.

"గుండ్రాలు ఇంకెవరితోనైనా గీయించమ్మా. నేనుంటే ఆగరు ఈ వెధవలు."

ఆ తిట్టులో ఉన్న ముద్దంతా టీచరమ్మకు వినిపించింది. "జబ్బు తగ్గాక రావాలి తాతా," అంది.

"రాకేం!" అంటూ నడిచాడు. వెనక నుంచి "నీ నీడ తొక్కేశా!" అన్న కేక వినిపిస్తే, తిరిగి చూడకుండానే నవ్వుకున్నాడు.

జబ్బు తగ్గి, పిల్లలు చేతులు పట్టుకోవచ్చని చెప్పేనాటికి తాత లేడు. ఒక మధ్యాహ్నం కునుకులోనే పోయాడు. ఆ రోజు టీచరమ్మ తనే డబ్బా పట్టుకుని, వంకరటింకరగా పెద్ద గుండ్రం గీసింది. పిల్లల్ని పిలవడానికి మాత్రం చప్పట్లే కొట్టింది. కంచె మీంచి తీసి తను దాచిన ఆ ఈల సామాను గది మేకుకు అలాగే వేలాడుతోంది, నోట్లో పెట్టుకునే చోట తాత పంటి గాట్లతో.