అట్ట మీది రెడ్డెమ్మ

రెడ్డెమ్మ ముఖం అచ్చయిన సంగతి మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో తెలియని ఇల్లు లేదు. నిరుడు బెంగళూరు నుంచి ఒక బట్టల కంపెనీవాళ్ళు వచ్చి, ఆమెను మగ్గం ముందు కూర్చోబెట్టి, నవ్వమ్మా నవ్వమ్మా అని ఒక పూటంతా ప్రాణం తీసి ఫోటోలు పట్టుకుపోయారు. నవ్వడం ఆమెకేం కష్టం కాదు. కాని నేస్తూ నవ్వమన్నారు. పోగుల మీద కన్ను పెట్టి పళ్ళు ఇకిలించే నేతగాళ్ళను రెడ్డెమ్మ తన యాభై ఆరేళ్ళలో ఎక్కడా చూడలేదు. మొత్తానికి ఆ నవ్వు, చీరలకు వేలాడదీసే అట్టముక్క మీదికి ఎక్కింది. కింద రాత కూడా వేశారు: 'ఈ పట్టుచీరను మదనపల్లె రెడ్డెమ్మ మీకోసం చేత్తో నేసింది. నేలకు మేలు, నేతకు మేలు.' అలాంటి అట్ట ఒకటి ఆమె ఇంట్లో దేవుడి పటాల పక్కన కూడా చేరింది. దేవుళ్ళు సర్దుకున్నారు.

పడుగూ పేకా జరీ అన్నీ ఆ కంపెనీవే. ఏజెంటు లోకేష్ సరుకు తెచ్చి ఇస్తాడు, నేసిన చీర పట్టుకుపోతాడు. అంతకుముందు ఆరు నెలలు సరుకిచ్చే దిక్కులేక మగ్గం మూలన పడి ఉంది. ఆ రోజులు రెడ్డెమ్మా మర్చిపోలేదు, ఆమె మొగుడు అంజినప్పా మర్చిపోలేదు. అందుకే లోకేష్ వచ్చాడంటే ఆ ఇంటి కాఫీలో చక్కెర ఒక చెంచా ఎక్కువే పడుతుంది.

ఆ గురువారం అతను కాఫీ తాగుతుండగా వాకిట్లో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. తల్లీ కూతుళ్ళని పోలిక చూస్తేనే తెలుస్తోంది. కూతురి చంకలో చీర ఉన్న సంచి, చేతిలో అట్టముక్క ఉన్నాయి. అట్ట వైపూ రెడ్డెమ్మ వైపూ మార్చి మార్చి చూసి ఆ పిల్ల ముఖం విప్పారింది.

"అమ్మా, దీంట్లో ఉండేది మీరే కదా! ఇంటింటా అడుగుతా వస్తాండాము."

ఆ పిల్ల పేరు శ్వేత. కుప్పం దగ్గర ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో చొక్కాలు కుడుతుంది. తల్లి శారదమ్మ. రామకుప్పం దగ్గర పల్లె వాళ్ళది. పొద్దున్నే బయల్దేరి, పుంగనూరులో బస్సు మారి వచ్చారు. మొదటి జీతంతో అమ్మకు పట్టుచీర కొనాలని పిల్లకు కోరిక. ఫోన్లో వెతికి, రెడ్డెమ్మ ఫోటో చూసి, చేత్తో నేసిందే కావాలని ఈ చీరే తెప్పించింది. రెండుసార్లు కట్టగానే కుచ్చిళ్ళ దగ్గర పీచు లేచిపోయింది. అట్ట మీది నంబరుకు ఫోన్ చేస్తే, మీరు సరిగ్గా వాడలేదన్నారు.

"నేసిన చేతులే బాగు చేస్తాయని వచ్చినామమ్మా," అంది శ్వేత. "ఫోన్లో మీ సీరలు ఎన్నుండాయో! తోసేకొద్దీ వస్తానే ఉండాయి, అన్నిట్లోనూ మీరే."

రెడ్డెమ్మ కాళ్ళూ చేతులూ ఆడినంతసేపు ఆడించినా నెలకు మూడు చీరలే దిగుతాయి ఆ మగ్గం మీంచి. ఆమె లోకేష్ వైపు చూసింది. లోకేష్ కాఫీలోకి చూశాడు.

శారదమ్మ ఇంకా గడప బయటే ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, తప్పు చేసి పట్టుబడ్డ మనిషిలాగా నిలబడింది.

"కంపెనీవాళ్ళు సెప్పిందే నిజమమ్మా," అంది మెల్లగా. "మీ సీరలో తప్పు లేదు. నావే పాడు సేతులు. పుట్టినకాడినించీ కూలికి పోయి కలుపు తీసినవి. మడత పెడతాంటే గీరుకుని లేసిపోయిండాది. పట్టు మా బోటి సేతులకు నిలిచేది కాదు. పాప ఆశపడి తెచ్చింది, నేను నాశనం సేసినాను."

"ఊరుకోమా, ఎన్నిసార్లు సెప్తావు," అంది శ్వేత. ఆ గొంతులో విసుగు లేదు. ఏడుపే ఉంది.

రెడ్డెమ్మ సంచిలోంచి చీర తీసి విప్పి ఒళ్ళో వేసుకుంది. చూడాల్సిన పని కూడా లేదు. వేళ్ళకు తగలగానే తెలిసిపోయింది. అయినా అంచును వెలుతురుకు ఎత్తి పట్టి, ఈ కొస నుంచి ఆ కొసదాకా జరిపింది.

"సోపు పెట్టి ఉతికేసినారక్కా," అన్నాడు లోకేష్ గబగబా. "నేను రోజూ సూసేదే కదా. అదే సెప్పి పంపించు." గోడవార కూర్చున్న అంజినప్ప గొంతు సవరించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ సవరింపుకు అర్థం ఒకటే, నోరు మూసుకోమని.

అవును, ఒక్క మాట చాలు. నీళ్ళు పడినాయమ్మా అంటే మారు మాట్లాడకుండా తిరిగి బస్సెక్కే మనుషులు వాళ్ళు. మగ్గం ఆగదు. ఎవరికీ ఏమీ కాదు. కాని ఆ గడప బయట నిలబడ్డ మనిషి తన చేతుల్ని తాను తిట్టుకుంటూనే కాటికి పోతుంది. తన నవ్వు ముఖం పెట్టి, తప్పు నాదేనన్న ఈ మాట ఇంకెన్ని ఇళ్ళలో ఎంతమంది చేత అనిపించారో అనుకునేసరికి రెడ్డెమ్మకు సిగ్గుతో ఒళ్ళంతా చచ్చిపోయినట్టయింది.

"ఇది నేను నేసిన సీర కాదు పాపా. అసలు ఇది పట్టే కాదు," అంది.

"అక్కా!" అని లేచాడు లోకేష్.

ఆమె ఆగలేదు. "నేసేటప్పుడు గుడ్డ ముడుసుకోకుండా సూదుల పుల్ల ఒకటి అడ్డం పెడతాము. ఆ సూదుల గుర్తులు అంచు పొడుగునా ఉంటాయి, సూడు మగ్గం మీదుండే నా సీరలో. దీంట్లో యాడన్నా ఉండాయా?" చీర కొసన ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీసి అంటించింది. "పట్టయితే ఎంటిక కాలిన వాసనొస్తాది. ఇది సూడు, ప్లాస్టిక్ మాదిరి కరిగి ముద్దయింది. మిషన్ మీద తోలి, నా మొగం తగిలించినారు."

శ్వేత ఆ నల్లటి ముద్దను గోటితో గీకి చూసింది.

"మా చొక్కాలకూ ఇట్లాంటి అట్ట కడతారమ్మా," అంది. "ఒక పచ్చాకు, పక్కన నవ్వతా ఒకాయమ్మ. మా లైనులో ఎనభైమంది ఉండాము. ఆయమ్మ ఎవురో ఒక్కురికీ తెలీదు. దినామూ ఆ అట్టలు కట్టేదాన్ని నేనే, అయినా మీ ఫోటో సూసి నమ్మేసినాను."

"నమ్మింది నా మొగాన్ని కదా. ఏం రాసుకుంటారో అడక్కుండా ఇచ్చేసినాను, నా తప్పు కూడా ఉండాది." రెడ్డెమ్మ లోకేష్ వైపు తిరిగింది. "మీవాళ్ళకు సెప్పప్పా. నేను నేసిన వాటికే నా మొగం కట్టమను. కాదంటే యాడా కట్టొద్దను."

లోకేష్ చెడ్డవాడు కాదు. ముఖం చిన్నబోయింది. "సెప్తానక్కా. సెప్తే ఏమయితాదో నీకూ తెలుసు. మగ్గం మీద ఉండే ఈ పడుగే ఆఖరిది." కాఫీ సగంలోనే వదిలి వెళ్ళిపోయాడు.

రెడ్డెమ్మ మొగుడి వైపు చూడటానికి జంకింది. అంజినప్ప లేచి గోడకు చుట్టి నిలబెట్టిన చాప తెచ్చి మగ్గం పక్కన పరిచాడు.

"ఆయమ్మ అప్పటినుంచీ నిలబడే ఉండాది," అన్నాడు భార్యతో. "కూసోమనవేమే?"

రెడ్డెమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి వెళ్ళి శారదమ్మ మణికట్టు పట్టుకుని లోపలికి తెచ్చి, చాప మీద కాదు, తన పక్కన మగ్గం పీట మీదే కూర్చోబెట్టుకుంది. ఎదురుగా వంకాయరంగు పడుగు బిగించి ఉంది.

"ఇది అచ్చం పట్టు. సెయ్యి పెట్టు."

"వద్దమ్మా, వద్దు."

"పెట్టు తల్లీ."

శారదమ్మ కొంగులోంచి కుడిచెయ్యి తీసి, భయంభయంగా పోగుల మీద ఆనించి కొంచెం జరిపింది. అరచేతి కాయకు తగిలి ఒక పోగు పుటుక్కున తెగింది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి లాక్కోబోతే రెడ్డెమ్మ వదల్లేదు. తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకుని, వేళ్ళకు ఇంత బూడిద అద్దుకుని, పురి తిప్పి అతికేసింది. ఎక్కడ తెగిందో మళ్ళీ చూపించమంటే ఆమెకే కనపడదు.

"అంతే," అంది రెడ్డెమ్మ. "నా సేతికి దినానికి ఇరవై తెగతాయి. నలభై ఏండ్లుగా తెంపతానే ఉండా, అతకతానే ఉండా. దీన్ని ఎవురూ తప్పనరు శారదమ్మా, నేత అంటారు."

శారదమ్మ ఆ అతుకు వెతుక్కుంటూ చాలాసేపు చూసింది. తర్వాత కొంగులోంచి ఎడమచెయ్యి కూడా తీసి, రెండు చేతులూ పట్టు మీద పెట్టుకుంది.