మూలకు తిరిగిన సూది

తండ్రి అబద్ధమాడాడా అన్న సందేహం రామనాథాన్ని చిన్నప్పటి నుంచీ వదల్లేదు. రామనాథం పుట్టిన ఏడు, ఎదురింటి సూరన్న దగ్గర అరువు తెచ్చిన గునపం ఎలాగో మాయమైంది. అది తమ ఇంట్లో లేదని తండ్రి దేవుడి ముందు కర్పూరం వెలిగించి ఒట్టేశాడు. సూరన్న నమ్మలేదు. రెండిళ్ళకూ మాటలు పోయాయి. ఇప్పుడా మగవాళ్ళిద్దరూ లేరు. సూరన్న భార్య అప్పయమ్మ మాత్రం రామనాథం వీధిలోకి వస్తే చాలు, కర్పూరం వాసనేస్తోందని గాలితో చెప్పేది.

రామనాథానికి నర్సీపట్నంలో బెల్లం కొట్టు. స్నానం, జపం కానిదే మంచినీళ్ళు ముట్టడు. కానీ ఏ మాట విన్నా, ఎందుకలా అని ఒకసారి అడుగుతాడు. మన్యంలో అలజడి సద్దుమణిగి కొండవాళ్ళు మళ్ళీ సంతకు దిగుతున్న రోజులవి. వాళ్ళలో ఒకడు బెల్లానికి బదులుగా సూదంటురాయి ఇచ్చాడు. అది మొదలు సాయంత్రమైతే అరుగు మీద అదే పని. రాయి మీద రుద్దిన సూదుల్ని ఆకుల మీద పెట్టి పళ్ళెం నీళ్ళలో వదిలేవాడు. మొనా మొనా ఎదురైతే ఆకులు విడిపోయేవి. ఒకదాని మొన, ఒకదాని బెజ్జం ఎదురైతే వచ్చి అతుక్కునేవి. చిరిగిన రవికె పట్టుకుని సూది కోసం ఇల్లంతా వెతుక్కునే భార్య వర్ధనమ్మ రాయిని తిట్టిపోసేది.

ఆషాఢంలో కూతురు కమలాంబ పురిటికొచ్చింది. ఉత్తరం వైపు తల రాకుండా మంచం వేయాలి. ఇల్లు చూస్తే వంకర, ఆకాశం చూస్తే మబ్బు. సూది చెబుతుందని రామనాథం ధీమాగా పళ్ళెం తెచ్చాడు. వసారాలో సూది ఉత్తరానికి తిరిగి నిలిచింది. పురిటి గదిలో మాత్రం మూలకు తిరిగింది. గాలేమోనని కిటికీ మూశాడు. సూది మార్చాడు. ఊహూఁ. పళ్ళెం మూలకు జరిపితే ఆకు తెప్పలా కదిలి గోడ వైపు అంచుకు తగిలింది.

"ఈ గోడలో ఇనుముంది," అన్నాడు రామనాథం.

మట్టి పెళ్ళగిస్తే గునపం నిలువునా బయటపడింది. తల దగ్గర, గుర్తు కోసం సూరన్న ఆకురాయితో పెట్టుకున్నాడని చిన్నప్పటి నుంచీ వింటున్న గీతలున్నాయి.

వర్ధనమ్మ తలుపు దగ్గరగా వేసింది. "మళ్ళీ మెత్తెయ్యండి. పట్టుకెళ్తే మావయ్యగారిది దొంగొట్టని మన నోటితో మనమే సెప్పినట్టు."

రామనాథం చెయ్యి ఆగింది. తండ్రి పరువు ఆ గుప్పెడు మట్టిలో ఉంది.

"రాయి సూసింది దేవుడు సూడలేదనుకోమంటావా?" అని గునపం భుజానేసుకుని, పట్టపగలే వీధి దాటాడు.

అప్పయమ్మ చింతపండు గింజలు తీస్తోంది. గునపం ఆమె ముందుంచి, ఎక్కడ దొరికిందో దాచకుండా చెప్పి, తండ్రి వేసిన ఒట్టు తప్పయిందని ఒప్పుకున్నాడు. ఆమె గీతలు తడిమి చూసింది. ఏ గదిలోనని మరోసారి అడిగింది. పురిటి గది అనగానే బోసినోటితో నవ్వింది.

"పురిటి గదిలోకి మగోడొత్తాడేటి, బాబూ? గాలీ ధూళీ సోకకుండా బాలింత కాడ ఇనుము పెట్టుకునేది మేం ఆడోళ్ళం. నీకు ముందు ఇద్దరు బిడ్డలు పోయేరు. నువ్వైనా దక్కాలని మీ నాయనమ్మ నీ తల కాడ ఇది నిలబెట్టి మట్టి మెత్తీసుంటాది. సెప్తే తీసీమంటారని నోరు కుట్టీసుకుంది. మీ నాయనకేటి తెలుసు?"

రామనాథం వంగి గునపాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"అయితే నిన్ను మా ఇనుమే కాసిందన్నమాట. ఇన్నేళ్ళూ నేను తిట్టిన తిట్లూ దానికే తగిలుంటాయి," అంది అప్పయమ్మ. "మీ అమ్మాయికి కావాలంటే రేపొచ్చి అడుగు, ఇత్తాను. ఈపాలి గోడలో పెట్టీకండి. ముందు దాని సోట్లో దాన్ని పెట్టు."

ఆమె చూపించిన చోట, ద్వారబంధం పక్కన, రామనాథం సూరన్న గునపాన్ని నిలబెట్టాడు.