మంగంపేట బండ మీద ఆట

గంగాధరం కిరాణా అంగడిలో ఉప్పు మూటలకూ బెల్లం బుట్టలకూ మధ్య ఒక కంప్యూటర్ ఉండేది. రెండువేల ఏడులో రాజంపేట బజారుకు అదో వింత. లెక్కలు చూసుకోవచ్చని కొన్నాడు పాపం, కూతురు నాగశ్రీ దాన్ని పులిజూదానికి అప్పజెప్పింది.

పొద్దున్నే అంగడి ముందు నీళ్లు చల్లి, సాంబ్రాణి పొగ వేసి, ఆ పిల్ల పులిజూదం వికీలో ‘ఇటీవలి మార్పులు’ తెరిచేది. ఎవరు ఏం రాశారు, ఎవరు ఏం చెరిపారు, అన్నీ అక్కడ కనబడతాయి. తప్పుంటే దిద్దేది, ఆధారం లేకపోతే అడిగేది, బూతులుంటే తీసేసేది. ఆ వికీకి యజమాని లేడు, జీతగాడు లేడు. ఆటంటే పిచ్చి ఉన్నవాళ్లంతా కలిసి రాసుకున్నదది. ఏ ఊరి బండ మీద గీతలు ఎలా ఉన్నాయి, ఎక్కడ మేకలను ఎలా దించుతారు, పులిని ఏ మూలకు తోలితే కట్టుబడుతుంది, అన్నిటికీ పేజీలున్నాయి. వాటిలో సగం కోడుమూరులో ఉండే దేవేంద్రప్ప అనే రిటైర్డ్ బస్సు కండక్టరు రాసినవే.

మంగంపేట బండకూ ఒక పేజీ ఉంది. ఆ బండ మీద నడిచే ఆటకు ఇంకో పేజీ. ఆ పేజీలో మేకను జరిపితే, మంగంపేటలో బండ మీద మేకగా పెట్టిన చింతగింజ జరుగుతుంది. బండను ఆనుకుని ఇల్లున్న రామసుబ్బమ్మ రోజూ ఫోన్ చేసేది.

“అమ్మణ్ణీ, ఎవురో మేకను తప్పుగా దించినారు. నా మిరపకాయల్లోకి వచ్చి పడింది, చూడు.”

“దిద్దినానవ్వా. పక్కకు పోయిందేమో చూడు.”

“పోతాండాది, పోతాండాది.”

గనుల నుంచి ముగ్గురాయి మోసే లారీలకు కొత్త దారి కావాలని కాంట్రాక్టరు రాఘవేంద్రప్రసాద్‌కు బుద్ధి పుట్టింది. దారికి అడ్డం బండ. దాన్ని పేలిస్తే రామసుబ్బమ్మ ఇల్లు కూడా లేచిపోతుంది. కానీ ఆట నడుస్తున్న బండను ఆ పక్క ఎవరూ ముట్టరు. మందు పెట్టే కూలీలు కూడా మేం ముట్టం అన్నారు. దాంతో ఆయన గుమాస్తా చేత రెండు పేజీలూ చెరిపించాడు.

“బండ నున్నగా అయిపోయిందమ్మణ్ణీ. ఒక్క గీత లేదు. గుంతలు తొవ్వను మనుషులు వస్తాండారు,” అంది రామసుబ్బమ్మ.

నాగశ్రీకి ఒళ్లు మండింది. పేజీల చరిత్రలోకి వెళ్లి పాత కూర్పులు తెచ్చి పెట్టింది. బండ మీద గీతలు లేచాయి, గింజలు తిరిగొచ్చాయి, కూలీలు పనిముట్లు దించి బీడీలు ముట్టించుకున్నారు. గుమాస్తా మళ్లీ చెరిపాడు. ఆమె మళ్లీ తెచ్చింది. సాయంత్రానికి గుమాస్తా వేలు వాచింది గానీ నాగశ్రీ వేలికి ఏమీ కాలేదు.

ఇక లాభం లేదని రాఘవేంద్రప్రసాద్ తనే నాగశ్రీకి ఫోన్ చేశాడు.

“ఎవరిది ఆ పేజీ?”

“ఎవురిదీ కాదు సార్. ఎవురైనా రాయొచ్చు, ఎవురైనా దిద్దొచ్చు.”

“మరి ఆ ఆట ఎప్పుడు ముగుస్తాది?”

“ఎవురో ఒకరు గెలిస్తే.”

“అయితే నేనే ఆడతా. పులులు నావి. గెలిస్తే బండ నాది, ఓడితే మీది.”

మేకలు కావాలని అడిగే రకం కాదులెండి ఆయన. కొత్త ఆట పెట్టారు. మంగంపేటలో పులుల పక్షం వాడు తన సొంత వస్తువులే పులులుగా పెట్టాలి. ఉంగరమో వాచీయో పెడితే సరిపోయేది. ఈయన గొప్పకు పోయి మన్ను తవ్వే తన మూడు పొక్లెయిన్ల మారు తాళంచెవులు పెట్టాడు. పని జరగడానికి అక్కరకొచ్చేదేదీ పులిగా పెట్టవద్దని దేవేంద్రప్ప ఎప్పుడో వికీలో రాశాడు. పెద్దమనిషికి చదివే ఓపిక ఎక్కడిది?

మేకల పక్షం అందరిదీ. చర్చ పేజీలో వాదించుకుని ఒక ఎత్తు తేల్చేవాళ్లు. పులులు కొన్ని మేకలను మింగాయి. ఈలోగా గుమాస్తా ఎత్తుల పేజీల్లో తప్పులు జొప్పించడం మొదలుపెట్టాడు. నాగశ్రీ, దేవేంద్రప్ప ఒక్కొక్కటీ ఏరి దిద్దారు.

“దుడ్లిచ్చి రాయించినా తప్పు తప్పే కదమ్మా,” అన్నాడు దేవేంద్రప్ప ఫోన్లో.

ఒక పులి కట్టుబడింది, తర్వాత రెండోది. మూడోదానికి ఒకటే దారి మిగిలింది. ఆ రోజు మధ్యాహ్నం రాఘవేంద్రప్రసాద్ అంగడికి వచ్చాడు. అంగడి ఉన్న కట్టడం ఆయనదే.

“గంగాధరం, మీ అమ్మాయి పేరు మీద అందులో ఇంకొక్క మార్పు జరిగితే రేపే అంగడి ఖాళీ చెయ్యాల.”

గంగాధరం ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు. అరువు ఎగ్గొట్టినవాణ్ణి కూడా నమస్కారం పెట్టి పంపే మనిషి. కంప్యూటర్ ప్లగ్గు పీకేశాడు. కాంట్రాక్టరు వెళ్లిపోయాడు.

నాగశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. “అవ్వ ఇల్లు పోతాది నాయనా. ఇంగొక్క మేక జరిపితే చాలు. దేవేంద్రప్ప సార్‌కు చెప్తా, ఆయన జరుపుతాడు.”

“ఆయప్ప ఎందుకు జరపల్ల?” గంగాధరం ప్లగ్గు మళ్లీ పెట్టాడు. “వాడు వద్దన్నది నీ పేరు మీద. నా పేరు రాయి.”

ఆమె కొత్త ఖాతా తెరిచింది. పేరు దగ్గర తనే కొడతానని, ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ కొట్టాడాయన: గంగాధరం, కిరాణా అంగడి, రాజంపేట. తర్వాత మేకను జరిపాడు. మూడో పులి కట్టుబడింది. అయిపోయిన ఆటల పేజీలన్నిటికీ వేసినట్టే కోడుమూరు నుంచి దేవేంద్రప్ప దానికీ తాళం వేశాడు.

మర్నాటి నుంచి మూడు పొక్లెయిన్లూ కదల్లేదు. కడప నుంచి మెకానిక్కులు వచ్చి చూశారు. ఇంజన్లు బాగానే మోగాయి, బండ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. మెకానిక్కులు టీ తాగి వెళ్లిపోయారు.

రాఘవేంద్రప్రసాద్ ఊగిపోతూ వచ్చాడు. “ఆ పేజీ తాళం తీయించు.”

“అయిపోయిన ఆటకు తాళం తియ్యకూడదని అందరూ కలిసి చేసుకున్న తీర్మానం సామీ,” అన్నాడు గంగాధరం.

“అయితే అంగడి ఖాళీ చెయ్.”

“చేస్తా.”

ఆయన వెళ్లగానే గంగాధరం కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తాళం ఆటకే గానీ బండ పేజీకి లేదు కదా. దాని అడుగున నింపాదిగా ఒక వాక్యం చేర్చాడు: ‘బండ పక్కనే గంగాధరం కిరాణా అంగడి ఉంది.’

“లేనిది రాయకూడదు నాయనా. ఆధారం చూపించల్ల. లేకపోతే నేనే తీసేస్తా.”

“కొంచెం సేపు ఆగు.”

ఫోన్ మోగింది. రామసుబ్బమ్మ.

“అమ్మణ్ణీ, ఈడ బండ పక్కన కొత్తగా అంగడి లేసింది. తక్కెడ ఉండాది, బెల్లం బుట్టలు ఉండాయి, మనిషే లేడు. మీ నాయన ఎప్పుడొస్తాడు? నాకు శేరు ఉప్పు కావల్ల.”

నాగశ్రీ ఫోన్ పెట్టేసి, తండ్రి రాసిన వాక్యం పక్కన ఆధారం చేర్చింది: రామసుబ్బమ్మ, మంగంపేట.