నవ్వలేదన్న నవ్వు

టప్.

స్టూడియో గాజు పైకప్పు మీద చెస్ట్‌నట్ కాయ రాలింది. దొర్లింది. ఆగింది.

బెర్లిన్‌లో శరత్తు అలాగే వస్తుంది — ముందు చెవికి, తరువాత కంటికి.

ఆ కప్పు కింద హాస్యనటి ఓటీలీ ఇరవై ఏళ్లు పడింది. నిచ్చెన మీంచి. నీళ్ల తొట్టిలోకి. పెళ్లికొడుకు ఒళ్లోకి. మాటలు లేని సినిమాలో పడడమే ఆమె భాష. ఆమె పడితే వియన్నా దాకా ఊళ్లు లేచి నవ్వేవి.

అందరికన్నా ముందు, కెమెరా వెనక ఎమెరిష్ నవ్వేవాడు. పిడి తిప్పే చెయ్యి వణికేది. తెర మీద బొమ్మ అదిరేది.

"నవ్వావు కదూ?"

"నేనా? నీ మొహానికా? దగ్గొచ్చింది."

నవ్వి, నవ్వలేదని బొంకడం… సృష్టిలో ఎంత పురాతనమైన పాపం! దైవం సైతం దానిని మన్నించి ఉంటాడు.

ఆ బొంకునే ఆమె ఇరవై ఏళ్లు నమ్ముకొన్నది.

ఇప్పుడు సినిమాకు మాట వచ్చింది. గాజు కప్పును మందపాటి కంబళ్లతో కప్పారు. కాయలు రాలుతూనే ఉన్నాయి — వినబడవు. ఎమెరిష్‌నూ కెమెరానూ చప్పుడు పొక్కని గాజు పెట్టెలో మూశారు. పని జరుగుతుండగా ఎవరూ నవ్వరాదు. నవ్వితే అదీ మైకులో పడుతుంది.

ఈ ఉదయం ఆమెకు పరీక్ష. మాట్లాడుతూ నవ్వించగలిగితే ఉంటుంది. లేకుంటే ఆమె కథ ముగిసినట్టే.

"అమ్మగారూ, ఆ గంజి లంగా మార్చుకు రండి," అన్నాడు మైకు మనిషి. "గరగరలాడుతోంది. ఎలకలు దూరాయనుకున్నా."

"పోనీలే, వాటికైనా వేషం దొరికింది."

ఎవరూ నవ్వలేదు.

ఇంకా పని మొదలే కాలేదు కదా… మరి ఎందుకు నవ్వలేదు?

పని మొదలైంది. ఆమె మాట్లాడింది. పడింది.

చుట్టూ మూసిన పెదవులు. నిశ్శబ్దం — గడ్డకట్టిన సరస్సులా. కింద నీరు కదులుతున్నదో లేదో, పైన నిలిచినవారికి ఏం తెలుసు?

నియమమా? నవ్వు రాకనా?

గాజు పెట్టెలో ఎమెరిష్ భుజాలు కదిలాయి. నవ్వా? ఉక్కపోతా?

పెట్టె తలుపు తెరిచారు. రుమాలుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. చెమటా? మరేదైనానా?

"నవ్వావు కదూ?"

దగ్గు మాట కోసం ఆమె ఎదురుచూసింది.

"నవ్వాను ఓటీలీ. చాలా నవ్వాను."

ఇరవై ఏళ్లలో అతడు ఒప్పుకోవడం అదే మొదలు. నవ్విన ప్రతిసారీ నవ్వలేదనే అన్నాడు.

ఆమె అతడి కళ్లలోకి చూసింది. అతడు కప్పు వైపు చూశాడు.

ఆమె కూడా తల ఎత్తింది. కంబళ్లకు ఆవల, గాజు మీద, ఏదో రాలినట్టు —

రాలిందా?