బొగ్గుతో నింపిన ఆకాశం

నేను ఒక బొమ్మల కథల పుస్తకాన్ని. ఏ అచ్చుయంత్రమూ నన్ను కనలేదు. బొగ్గుగని కాలనీలో, రేకుల కప్పున్న ఇంట్లో, సుగుణ అనే పదేళ్ల పిల్ల, ఆమె తమ్ముడు రాజలింగు కలిసి నన్ను తయారుచేశారు. పరీక్షలయ్యాక నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలే నా ఒళ్ళు. వాళ్ళమ్మ గోనెసంచులు కుట్టే దబ్బనంతో నా వీపు కుట్టింది.

ఆదివారం పొద్దున పక్కింటి కిటికీలోంచి టీవీలో చూసిన అంతరిక్ష సాహసం నాకు ప్రాణం పోసింది. అక్క మాటలు రాసేది, తమ్ముడు బొమ్మలు గీసేవాడు. వాడికి తెలిసిన టోపీ నాన్న గనిలోకి పెట్టుకుపోయేది ఒక్కటే. అందుకని నా కెప్టెన్ నుదుటి మీద దీపంతో, చేతిలో సద్దిగిన్నెతో గ్రహాలన్నీ తిరిగేవాడు. నల్లరంగు కొనే స్తోమత లేక ఆకాశమంతా పొయ్యి బొగ్గుతో రుద్దారు. నన్ను చదివిన పిల్లలంతా నల్లటి వేళ్ళతో బడికి పోయి దెబ్బలు తిన్నారు. మనుషులు చిత్రమైనవాళ్ళు. కాళ్ళ కింద నేల ఏమవుతోందో చూడరు, చుక్కల్లో ఏముందో మాత్రం తెలియాలంటారు.

నా చివరి కథలో ఓడకు చిల్లు పడుతుంది. అందరూ దిగిపోతారు. అక్కడ సుగుణ పెద్ద అక్షరాలతో రాసింది: "కెప్టెన్ ఓడను విడిచి పోడు." రాస్తూ రాస్తూ తనే ఏడ్చింది. రాజలింగు మాత్రం రొమ్ము విరుచుకున్నాడు.

తర్వాత నా బతుకు అటక మీదే గడిచింది. సుగుణ చదువుకుని వరంగల్‌లో టీచరైంది. రాజలింగు గనిలో లారీ డ్రైవరయ్యాడు. భూమి లోపలి గని మూతపడి, పైనుంచి తవ్వేది మొదలైంది. ఆ గొయ్యి ఏటేటా కాలనీ వైపు జరిగింది. రోజూ మధ్యాహ్నం సైరన్ రెండుసార్లు మోగుతుంది, ఆపైన గొయ్యిలో పేలుడు. మొదట్లో నా మీద దుమ్ము రాలేది. తర్వాత గోడలో వెంట్రుకంత పగులు కనిపించింది. ఈ వానలకు అందులో చెయ్యి పడుతోంది. కొత్త ఇళ్ళిచ్చారు, అందరూ వెళ్ళిపోయారు. రాజలింగు పెళ్ళాం పిల్లల్ని పంపి తానొక్కడే ఉండిపోయాడు. నన్ను దించింది అప్పుడే. చివరి పేజీ ఒక్కటే మళ్ళీ మళ్ళీ చదివేవాడు. అతను చదివినకొద్దీ నాకు గుబులు పెరిగింది.

ఈ రోజు సుగుణ వచ్చింది. పగులు చూసి గడపలోనే ఆగిపోయింది.

"లింగూ, సంచి సర్దు. నడువ్."

"నువ్వే కదనే అక్కా రాసినవ్? కెప్టెన్ ఓడ ఇడిచి పోడని!" అంటూ నన్ను ఆమె ముందు పెట్టాడు.

"పదేండ్ల పోరి రాసింది పట్టుకోని ఈ గోడ కింద పంటున్నవారా? నీ పిల్లలకేం చెప్పాలె నేను?"

"టీచరమ్మవు. రాసిన మాటకు ఇలువ లేదంటవా?"

సుగుణ సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి ఆ వాక్యాన్ని కొట్టేసింది. కింద రాసింది: "కెప్టెన్ దిగాడు. వాళ్ళక్క చెవి పట్టుకుని దింపింది."

రాజలింగు పగలబడి నవ్వాడు. "గిట్ల రాస్తె ఎవడు చదువుతడే నీ కథ?"

"నువ్వు చదివినవ్, సాలు. లే!"

లేచాడు. ఇన్ని వారాల తర్వాత లేచాడు. నన్ను కిటికీ దిమ్మె మీద వదిలేసి ఇద్దరూ బయటికి నడిచారు. నేనేం నొచ్చుకోలేదు. ఓడతో పాటు పోవాల్సింది నేనే, అతను కాదు.

మొదటి సైరన్ మోగింది. వీధి చివర్నుంచి అతని గొంతు వినిపించింది.

"అయ్యో, పుస్తకం మరిచినమక్కా! ఉండు, తెస్త."

"వద్దురా లింగూ! ఆగరా!"

అడుగుల చప్పుడు ఇటే వస్తోంది. పగుల్లోంచి ఇసుక సన్నగా జారుతోంది. నా ప్రతి పేజీలోనూ కేకలు రాసి ఉన్నాయి, ఒక్కటీ బయటికి రాదు. రెండో సైరన్ అందుకుంది.

అతను గడప దాటి లోపలికొచ్చాడు. ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది.