పెద్ద కంచం

కాలరు మూల దగ్గరికి రాగానే ఆమె మిషను ఆపి, సూది కింది పాదం ఎత్తి, బట్ట తిప్పి, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. స్కూలు పిల్లల చొక్కాల కాలర్లు అవి. పెళ్ళికి ముందునుంచీ ఆమె పని ఇదే. చేతులు కుట్టేవాళ్ళు వేరు, గుండీలు వేసేవాళ్ళు వేరు. ఊళ్ళో సగం మంది పిల్లల మెడల చుట్టూ ఉన్నవి ఆమె కుట్లే. ఆ సంగతి ఎవరికీ తెలీదు, తెలిసినా ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

కడుపులో మంట మొదలైంది. పాలిచ్చే ఆడదాని ఆకలి మామూలు ఆకలి కాదు. కళ్ళు తిరుగుతాయి, ఎవరి మీదో తెలియని కోపం వస్తుంది. పొద్దున అత్త పెట్టింది రెండు ముద్దలు. తెల్లారకముందు నుంచీ పాప తాగింది దానికి ఎన్ని రెట్లో! ఇక ఒంట్లో ఏం మిగులుతుంది?

"ఏమే, మళ్ళీ బిగించావా కోటు?"

బట్ట కత్తిరించే పెద్దావిడ, కత్తెరమ్మ. పొద్దున్నే తిట్టకపోతే ఆవిడకి పని సాగదు. షాపులో అందరికీ నీలం కోట్లు ఇచ్చారు. పాప పుట్టాక ఆమె కోటు వదులైంది, పక్క కుట్లు లోపలికి తీసుకుంది. మళ్ళీ వదులైంది, మళ్ళీ తీసుకుంది.

"వదులుగా ఉంటే మిషన్లో పడుతోందక్కా."

"కోటు వదులవలేదే మొద్దూ, నువ్వు కరిగిపోతున్నావు. ఇంకోసారి బిగించావంటే నీ వేళ్ళు కలిపి కుట్టేస్తా."

ఆమె నవ్వింది. నవ్వడానికి కూడా ఓపిక కావాలని ఆ మధ్యే తెలిసింది.

ఇంట్లో లేమి ఉంటే ఎవరూ ఏమీ అనక్కర్లేదు. లేమి లేదు. గుడ్లున్నాయి, పాలున్నాయి, గిన్నెడు కూర ఉంటుంది. కానీ గరిటె అత్తది. మగవాళ్ళు తిన్నాక ఆడవాళ్ళు, ఆడవాళ్ళలో అత్త తిన్నాక కోడలు. అప్పటికి గిన్నె గీకితే చప్పుడు తప్ప ఏమీ రాదు. ఆమె కడుపుతో ఉన్నన్నాళ్ళూ మాత్రం పద్ధతి మారింది. అత్త ఆమెకి పెద్ద కంచం ఇచ్చింది. ఇద్దరికి తినాలే అని దగ్గర కూర్చుని మరీ వడ్డించింది. ఆస్పత్రి నుంచి పాపతో ఇంటికొచ్చిన రోజే ఆ కంచం నిజంగానే అటకెక్కింది. మరిది చిన్నప్పుడు తిన్న సొట్ట పళ్ళెం ముందుకొచ్చింది.

"ఇంకా ఇద్దరి తిండి ఎందుకే నీకు? రెండోది బయటికొచ్చేసిందిగా!" అంది అత్త. మొగుడూ మరిదీ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. ఆహా, ఏం తెలివి! అటకెక్కించాల్సింది కంచాన్ని కాదు, ఆ తెలివిని.

మధ్యాహ్నం షాపున్న వీధి చివరే ఉన్న ఇంటికి పరుగెత్తింది. అవాళ పాపని ఆరోగ్య కేంద్రంలో తూచే రోజు. అత్త కూడా బయల్దేరింది. కోడలు బయటివాళ్ళతో ఒంటరిగా మాట్లాడటం ఆవిడకి గిట్టదు. నర్సు పాపని తూచింది, మొహం చిట్లించింది, తర్వాత తల్లిని కూడా ఎక్కమంది.

"పాప పోయిన నెలనుంచి పెరగలేదు. నువ్వు బాగా తగ్గావు. ఏం తింటున్నావమ్మా?"

ఆమె నోరు తెరిచేలోపే జవాబు వచ్చేసింది. "మా ఇంట్లో తిండికేం లోటండీ! దీని ఒంటికి పట్టదు, అంతే. వీళ్ళదంతా బక్క వంశం."

"నేనడిగింది మిమ్మల్ని కాదు." నర్సు ఆమె వైపే తిరిగింది. "చూడమ్మా, పాలు గాల్లోంచి రావు. ఇన్నాళ్ళూ నీ ఒంట్లోంచి తీసిస్తున్నావు. తియ్యడానికి ఇంకేం మిగిలింది? కడుపుతో ఉన్నప్పటికంటే ఇప్పుడే ఎక్కువ తినాలి. వచ్చేసారికి నువ్వు బరువు పెరిగి కనిపించాలి నాకు."

దారంతా అత్త నోరు మూతపడలేదు. "ఎక్కువ తినాలట! నేను ముగ్గుర్ని పెంచాను గంజినీళ్ళు తాగి. నాకు చెప్పొచ్చింది, నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల. నీ పాలు చాలకపోతే రేపటి నుంచి డబ్బా పాలు పట్టేస్తాను. పీడా పోతుంది. నువ్వు మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తుకు రానక్కర్లేదు, పిల్ల నా దగ్గరే ఉంటుంది."

డబ్బా పాలు పాపం కాదు, ఎందరో పిల్లలు వాటితో పెరిగారు. కానీ పాపని తన దగ్గర్నుంచి తీసేసుకునే మాట అంత తేలిగ్గా వచ్చిందే, అది ఆమె గుండెలో గుచ్చుకుంది. పాపని ఇంకొంచెం దగ్గరికి పొదువుకుంది. చంటిది రొమ్ము వెతుక్కుంటూ తల అటూ ఇటూ తిప్పుతోంది.

షాపుకి తిరిగొచ్చేసరికి పిన్ని ఫోను. అమ్మ పోయాక పెంచింది ఆవిడే. వంతెన అవతల ఒక్క గదిలో ఉంటుంది. "ఇంకా ఎన్నాళ్ళు ఎండుతావే అక్కడ? నా గది ఇరుకు కానీ గిన్నె ఇరుకు కాదు. వచ్చెయ్."

రోజూ చూద్దాంలే పిన్నీ అనేది. అవాళ మాత్రం ఫోను పెట్టేసి, కోటు విప్పి, బ్లేడుతో పక్క కుట్లు ఒక్కొక్కటే తెంపడం మొదలుపెట్టింది. దారం ముక్కలు ఒళ్ళో రాలాయి. తొడుక్కుంటే కోటు గోనెసంచిలా వేలాడింది.

కత్తెరమ్మ ఎగాదిగా చూసింది. "ఇదేం అవతారం?"

"నిండుతుంది లే అక్కా."

సాయంత్రం బల్ల దగ్గర మొగుడూ మరిదీ కూర్చున్నారు. అత్త గరిటె పట్టుకుని నర్సుని అనుకరిస్తోంది. "నువ్వు బరువు పెరిగి కనిపించాలి నాకూ..." అని దీర్ఘాలు తీసింది. మరిది పగలబడి నవ్వాడు. మొగుడు కూడా నవ్వాడు.

"మీరు కూడానా?" అంది ఆమె.

"అమ్మ సరదాకి అంది. ఇప్పుడెందుకు గొడవ? రేపు మాట్లాడతాలే."

ఆ రేపు పాప పుట్టినప్పటినుంచీ వాయిదా పడుతూనే ఉంది. పాప ఆకలి వాయిదా పడదు కదా.

ఆమె స్టూలు జరిపి ఎక్కింది. అటక మీద చేతికందిన పెద్ద కంచం దించింది. దుమ్ము కడిగి బల్ల మీద పెట్టి, మొగుడి పక్కనే కూర్చుని, అత్త చేతిలోంచి గరిటె తీసుకుంది. ఊడబెరకలేదు, తీసుకుంది. అన్నం పెట్టుకుంది, కూర వేసుకుంది, గిన్నెలో ఉన్న గుడ్లు రెండూ వేసుకుంది.

"ఏమే! అవి మగవాళ్ళవే!"

"నేను ఇద్దరికి తింటున్నానత్తయ్యా. రెండోది బయటుంది, అంతే."

పాపని ఒళ్ళోకి తీసుకుని రొమ్మందించింది. రెండో చేత్తో కలుపుకుని తిన్నది. తొందర పడలేదు. దవడలు నొప్పెట్టాయి, ఇన్నాళ్ళూ వాటికి పనేదీ? గుటక దిగుతుంటే కళ్ళవెంట నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు. మొగుడు కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. అత్త మొహం కందగడ్డయింది.

"అంత తిండి కావాలంటే పోయి ఆ పిన్ని కొంపలోనే తిను! నా ఇంట్లో కుదరదు!"

"అలాగే," అంది.

ఆఖరి ముద్ద నమిలి మింగి, లేచి చెయ్యి కడుక్కుంది. పాప గుడ్డలు సంచిలో కుక్కుకుంది. నీలం కోటు పైన వేసుకుని పాపని ఎత్తుకుంది. మొగుడు లేచి నిలబడ్డాడు గానీ ఆ నిలబడటంతోనే అతని పని అయిపోయింది. ఆమె వాకిలి దాటుతుంటే వెనకనుంచి అత్త అరిచింది.

"కంచం ఎవరు కడుగుతారే?"

గేటు గడియ చప్పుడు, తర్వాత వీధిలో చెప్పుల చప్పుడు, తర్వాత అదీ లేదు.

మర్నాడు పొద్దున్న కూడా పెద్ద కంచం బల్ల మీదే ఉంది. కడగడానికి ఎవరూ చెయ్యి చాచలేదు. అందులో ఒక్క మెతుకు లేదు. అడుగంతా ఎండిపోయిన కూర రసంలో ఆమె నాలుగు వేళ్ళ జాడలు, ఈ అంచునుంచి ఆ అంచుదాకా.