తలుపు వెనక బోర్డు

పిండి జిగురు పల్చనైతే కాగితం జారిపోతుంది, చిక్కనైతే ఉండలు కట్టి కాగితం కింద బొబ్బల్లా తేలుతుంది. జిగురు అనబడే ఆ మనిషికి ఈ లోకంలో క్షుణ్ణంగా తెలిసిన విషయం ఇదొక్కటే. ఆ ఉదయం కూడా పొయ్యి మీద రేకుడబ్బా పెట్టి పుల్లతో తిప్పుతున్నాడు. ఎడమ భుజం లాగుతుంటే మధ్యమధ్య చెయ్యి మార్చుకుంటున్నాడు.

పురపాలక కార్యాలయంలో ముప్ఫై ఒక్కేళ్లుగా బంట్రోతు. నోటీసులు అంటించేది అతనే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. వంగీ వంగీ వీపు గూనిదేలింది, నవ్వీ నవ్వీ మొహం సాగిపోయింది. ఎవరేమన్నా "చిత్తం సార్" అనే ఆ మొహం చూస్తే లాగి ఒక్కటివ్వాలనిపిస్తుంది.

తల్లి పోయాక ఇస్త్రీలు చేసి అతన్ని పెంచింది అక్క. ఇప్పటికీ వీధి వైపు గదిలో ఆ ఇస్త్రీ బల్ల దగ్గరే నిలబడుతుంది.

"ఒరేయ్ తమ్ముడూ, నిన్న ఎవడో వచ్చి మన గోడ మీద ఎర్రరంగుతో పద్నాలుగు అని రాసిపోయాడు. అడిగితే పలకలేదు. మీ ఆఫీసు వాళ్లేనా?"

"ఏదో గుర్తుకి రాసుంటారులే అక్కా. ఏదన్నా ఉంటే నాకు తెలీదా? అన్నీ నా చేతుల మీదుగా పోవాల్సిందేగా!"

"అదీ నిజమేలే," అని ఆవిడ నమ్మేసింది. పాపం, ఆవిడ జన్మలో చేసిన తప్పులన్నీ కలిపినా ఈ ఒక్కదాని పాటి చెయ్యవు.

ఆఫీసు నోటీసు బోర్డు సంగతి చెప్పాలి. అది సింహద్వారం పక్కన, లోపలి గోడకుంది. పొద్దున పదింటికి తలుపు తెరిస్తే ఆ రెక్క వెళ్లి బోర్డును కప్పేస్తుంది. గాలికి కొట్టుకోకుండా జిగురు దానికి ఇటుక అడ్డం పెడతాడు. సాయంత్రం ఐదింటికి తలుపు మూస్తే బోర్డు బయటపడుతుంది, కానీ అప్పుడు లోపల మనిషుండడు. ఆ ఊళ్లో ప్రతి రోడ్డూ, ప్రతి కాలువా, ప్రతి వంతెనా బల్లులకు తెలియపరిచి కట్టినవే.

ఎవరైనా గట్టివాడు వచ్చి అభ్యంతరాల ఫారం అడిగితే, "అయిపోయాయండీ, రేపు రండి" అంటాడు జిగురు. ఫారాల కట్ట అతని బీరువాలోనే ఉంది, విప్పలేదు. అలా అనమని అతనికి ఎవరూ చెప్పలేదు. పైవాళ్లకు అదే ఇష్టమని తనే కనిపెట్టాడు. ఆ బుర్రలో పుట్టిన సొంత ఆలోచన అదొక్కటే.

కొత్త మురుగు కాలువ నోటీసుకు ఆ రోజు పదిహేనో రోజు, గడువు ఆఖరు. చివరి రోజున మూలలు లేచాయేమో చూడటం అతని అలవాటు. తలుపు సందులోకి పక్కవాటుగా దూరాడు. తనే అంటించిన కాగితం. చదవడం రాక కాదు, ఎన్నడూ చదివిన పాపాన పోలేదంతే. వీధి పేర్లుండవు, ఇంటి యజమానుల పేర్లుండవు, వట్టి అంకెలు. బొటనవేలు మూల మీద నుంచి జారి పద్నాలుగు దగ్గర ఆగింది. 'వీధి వైపు గది పూర్తిగా తొలగించబడును.'

అక్క చెప్పిన ఎర్రరంగు అంకె అదే.

బీరువా తీసి కట్ట విప్పాడు. పై ఫారం పసుపు పచ్చబడింది. స్టూలు మీద పెట్టుకుని రాశాడు. 'మా అక్క ఇస్త్రీ బల్ల ఆ గదిలోనే ఉన్నది. అదియే ఆమె జీవనాధారము. కాలువను ఎదుటి ఖాళీ స్థలము గుండా తీసుకుపోవచ్చును.' ఇంజనీర్లకు తట్టని ముక్క! ఇన్నాళ్లూ ఈ బుర్ర ఎక్కడ దాచుకున్నాడో మహానుభావుడు.

"ఇవాళ ఎవరన్నా ఫారం ఇస్తే తీసుకుంటారా?" అని గుమాస్తాను అడిగాడు, తనది కాదన్నట్టు.

"మూడింటి సభలో ఇంజనీరుగారికి ఇమ్మను. అయినా ఫారాలు అయిపోయాయిగా!" అని కన్ను గీటాడు గుమాస్తా.

ఆ సభకు పేరు ప్రజాభిప్రాయ సేకరణ. పన్నెండు కుర్చీలు వేసేదీ, టీ అందించేదీ జిగురే. ప్రజలు ఎవరయ్యా అంటే కాంట్రాక్టరు, వాళ్ల బావమరిది, ఇద్దరు టైపిస్టులు, వాచ్‌మన్, మిగతా ఆఫీసు సిబ్బంది. పన్నెండో ప్రజ జిగురే. ఏళ్ల తరబడి హాజరు పట్టీలో తన పేరుకెదురుగా 'పౌరుడు' అని రాసి సంతకం పెడుతున్నాడు.

"ప్రజలకు అభ్యంతరాలేమన్నా ఉన్నాయా?" అని ఇంజనీరు ఆవలిస్తూ అడిగాడు.

జిగురు లేచి నిలబడ్డాడు. జేబులో కాగితం మీద చెయ్యి పడింది. పన్నెండు కుర్చీల్లో పదకొండు మొహాలు ఇటు తిరిగాయి.

"ఏంటయ్యా జిగురూ?"

జేబులోంచి ఖాళీ చెయ్యి తీశాడు. "టీ... టీ చల్లారిపోతోంది సార్."

అందరూ గొల్లుమన్నారు. ఇంజనీరు గ్లాసందుకుని, "ఏకగ్రీవం" అన్నాడు. పెంచిన అక్క గది కూలిపోతుంటే టీ గురించి మాట్లాడిన ఘనుడు ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ కూర్చున్నాడు. ఛీ!

నాలుగున్నరకు డబ్బా పట్టుకుని మళ్లీ తలుపు వెనక్కి దూరాడు. కాగితం ఎవరికైనా ఇవ్వాలంటే నోరు తెరవాలి. అంటించడానికి నోరక్కర్లేదు. నోటీసు పక్కనే తన ఫారం పెట్టి, బ్రష్షు ఆడించి, నాలుగు మూలలూ బొటనవేలితో ఒత్తాడు. ఇంత నునుపుగా ఏ కాగితమూ అతుక్కోలేదు. చెప్పాల్సింది చెప్పేశాననుకున్నాడు! హాయిగా ఊపిరి వదిలి, స్టూలు లాక్కుని అక్కడే కూలబడ్డాడు. భుజం నొప్పి ఛాతీలోకి దిగింది.

ఐదింటికి గుమాస్తా ఫైలు మీద 'అభ్యంతరములు లేవు' అని రాసి లేచాడు. వాచ్‌మన్ ఇటుక జరిపి తలుపు లాగాడు. వెనక జిగురు గోడకు తల ఆనించి కూర్చునే ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి. పిలిచారు, కుదిపారు, నలుగురూ పట్టి బయటికి మోశారు. అందరి కళ్లూ శవం మీదే ఉంటే గోడ వైపు చూసేదెవరు? వాచ్‌మన్ తాళం వేశాడు.

రెండు వారాలకు వీధిలోకి యంత్రం వచ్చింది. అక్క ఇస్త్రీపెట్టె రెండు చేతులా పట్టుకుని రోడ్డు మీద నిలబడింది. ఇంజనీరుతో, "మాకు ముందే తెలియదయ్యా. మా తమ్ముడే బతికుంటే నాకు చెప్పకుండా ఉండేవాడా!" అని బావురుమంది.

ఆఫీసులో తలుపు రోజూ పదింటికి తెరుస్తున్నారు, ఇటుక దాని చోట అది ఉంటోంది. వెనక చీకట్లో పసుపు పచ్చటి ఫారం గోడకు అంటుకునే ఉంది, ఒక్క మూలైనా లేవకుండా.